కార్తీకం పొద్దున వాగొడ్డున కదలకుండా కూర్చుని చూడాలంటే: చోటు, వేళ, సరంజామా?

మంగళగిరి_మబ్బు

నమస్కారమండీ. వానలు వెనకబట్టాయి, వాగుల్లో నీళ్లు తేరుకుంటున్నాయి, గట్ల మీద రెల్లు తెల్లగా పూసింది. ఇప్పట్నుంచి నవంబరు ఆఖరు దాకా ఆదివారాలు పొద్దున్నే రెండు మూడు గంటలు వాగు పక్కన కూర్చుని పిట్టల్నీ పురుగుల్నీ నీళ్లనీ ఊరికే చూడాలని ఉద్దేశం. ఫొటోల పని లేదు. మంగళగిరి నుంచి బైకు మీద అరగంటలో చేరే చోటైతే చాలు, అటు బెజవాడ వైపైనా ఇటు గుంటూరు వైపైనా సరే.

చిక్కల్లా ఏమిటంటే, గట్టు వెంట నడుస్తుంటే మనం చూసేలోపే అన్నీ లేచిపోతాయి. తెల్ల రెక్కలు కనపడేది ఎగిరిపోయాకే. ఏ ఒడ్డున కూర్చోవాలి, నీళ్లకు ఎంత ఎడంగా? ఎన్నింటికల్లా చేరాలి? బైనాక్యులర్ తప్పదా, కొంటే ఏ సైజు? ఇక పాములు. ఇంట్లో మొదట అడిగేది వాటి గురించే.

గట్టుమీదిగూడు

ముందు నడవడం మానేయండి. సగం చిక్కు అక్కడే తీరిపోతుంది. గట్టు మీద నిలబడ్డ మనిషి ఆకాశం ముందు నల్లటి స్తంభంలా కనపడతాడు, రెండొందల మీటర్ల అవతలి కొంగకు కూడా. బండి దూరంగా ఆపి, గట్టుకు పొలం వైపు వాలులో, అంటే వాగుకు కనపడకుండా నడిచి, కూర్చోబోయే చోటికి ఎదురుగా వచ్చాకే గట్టు దాటండి. దాటేటప్పుడు వంగి దాటాలి. సిగ్గేమీ లేదు, ఆ వేళకు చూసేవాళ్లెవరూ ఉండరు.

చోటు సంగతి. బెజవాడ ఊళ్లోంచి పోయే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఈ పనికి రావు. సీతానగరం నుంచి దుగ్గిరాల వైపు పోయే పశ్చిమ డెల్టా కాలువ పచ్చగా, చల్లగా ఉంటుంది గానీ దానిలోనూ లోపం ఉంది. గట్టు నిటారు, నీరు లోతు, ఒరవడి ఎక్కువ. కొంగైనా, బురద అంచున మేసే చిన్న పిట్ట ఉల్లంకైనా మేసేది చీలమండ లోతు నీళ్లలో. ఆ పలచటి అంచు లేని కాలువ ఎంత అందంగా ఉన్నా పిట్టలకు ఖాళీ పళ్లెమే. కాలువ కంటే దాని పక్కన పొలాల నీరు దిగే మురుగు కాలువ నయం.

మీకు దగ్గరది కొండవీటి వాగు. కొండవీడు కొండల్లో పుట్టి, రాజధాని ఊళ్ల మీదుగా వచ్చి, ఉండవల్లి దగ్గర ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. బ్యారేజీ నిండుగా ఉంటే వాగు నీళ్లు నదిలోకి దిగలేక వెనక్కి తంతాయి. అందుకే అక్కడ నీళ్లెత్తి నదిలో పోసే పంపులు పెట్టారు. మనకు పనికొచ్చే విషయం ఏమిటంటే, కింది భాగంలో నీరు నిలకడగా, లోతుగా ఉంటుంది కాబట్టి నీటికాకులు, లకుముకి పిట్టలు. పైకి పోయేకొద్దీ ఇసుక మేటలు, పలచటి పారుదల, కాబట్టి ఉల్లంకులు, తోకలాడించే వాగ్‌టెయిళ్లు. ప్రొక్లెయిన్లు తిరుగుతున్న చోట, కొత్తగా తవ్విన ఒడ్డున కూర్చోకండి. పిట్టా ఉండదు, ఒడ్డూ నిలవదు. మలుపు దొరికితే లోపలి వైపు ఎంచుకోండి. ఒరవడి బయటి ఒడ్డును కోసి, లోపలి ఒడ్డున ఒండ్రు వేస్తుంది. మేత అక్కడే.

ఏ ఒడ్డు అంటే, కార్తీకంలో సూర్యుడు సరిగ్గా తూర్పున పొడవడు. అక్టోబరు నడిమికి తొమ్మిది డిగ్రీలు, నవంబరు నడిమికి దాదాపు ఇరవై డిగ్రీలు దక్షిణానికి జరిగి పొడుస్తాడు. అందుకని వాగు తూర్పుగా పారే చోట దక్షిణపు గట్టున కూర్చుని ఉత్తరం చూడండి. వెలుగు కుడి భుజం వెనక నుంచి పడుతుంది, ఎదుటి ఒడ్డు రంగులతో సహా కనపడుతుంది. ఉత్తర దక్షిణాలుగా పారే చోట తూర్పు గట్టు. ఎదురెండలో కూర్చుంటే ప్రతి పిట్టా నల్లగానే ఉంటుంది, లకుముకి పిట్టకూ కాకికీ తేడా తెలియదు.

నీటి అంచుకు ఎనిమిది నుంచి పది మీటర్ల ఎడం. వెనక రెల్లు దుబ్బో తుమ్మ మొదలో ఉండాలి, ముందు ఏమీ ఉండకూడదు. కొత్తవాళ్లు చెట్టు చాటున దాక్కుని తొంగి తొంగి చూస్తారు. ఆ తొంగి చూసే తలే పిట్టను లేపుతుంది. వెనక ఆసరా ఉంటే మన ఆకారం అందులో కలిసిపోతుంది. బట్టలు మట్టి రంగో ముదురాకుపచ్చో అయితే చాలు, మిలిటరీ మచ్చల చొక్కా అక్కర్లేదు. తెల్ల లుంగీ, తెల్ల టోపీ మాత్రం వద్దు.

నేల మీద మఠం వేసుకుని కూర్చుంటే ఇరవై నిమిషాలకు కాళ్లు తిమ్మిరెక్కుతాయి, కదలక తప్పదు. జానెడెత్తు మడత స్టూలు మేలు. లేదా ఖాళీ యూరియా బస్తా పరిచి, పైన దుప్పటి నాలుగు మడతలు వేసి, వీపు చెట్టుకు ఆనించండి.

వేళ: ఇక్కడ పొద్దు పొడిచేది అక్టోబరు నడుమ సుమారు ఆరింటికి, నవంబరు నడుమ ఆరూ పదికి. దానికి ఇరవై నిమిషాల ముందే ఆకారాలు తెలిసే వెలుగు వస్తుంది. మీరు దానికీ పది నిమిషాల ముందు కూర్చుని ఉండాలి. అంటే అయిదున్నర, నవంబరులో అయిదూ నలభై. కూర్చున్నాక మొదటి ఇరవై నిమిషాలు ఏమీ జరగదు. చాలామంది ఇక్కడే లేచి ఇంకో చోటు వెతుక్కుంటారు, అక్కడ మళ్లీ ఇరవై నిమిషాలు పోతాయి. తీతువు మిమ్మల్ని చూసి గోల పెడితే అది నోరు మూసేదాకా కదలొద్దు, ఎందుకంటే దాని కేక విన్న మిగతావన్నీ జాగ్రత్త పడతాయి. సాధారణంగా ముందు తిరిగొచ్చేది గుడ్డి కొంగ. అది దిగి మేయడం మొదలెట్టిందంటే మీ మీద అనుమానం పోయినట్టే.

బైనాక్యులర్ ఇప్పుడే కొనకండి. రెండు మూడు ఆదివారాలు ఉత్త కళ్లతో చూడండి.

చెరువుకట్ట

పైన చెప్పిన కూర్చునే పద్ధతంతా బాగుంది. బస్తా పరిచి నేల మీద కూర్చోమన్న చోట మాత్రం నాది వేరే మాట. స్టూలే వాడండి. కారణం పాము కాదు, స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని నల్లి పిల్లలు కుట్టడం వల్ల వచ్చే జ్వరం ఇది. వానల తర్వాత నుంచి చలికాలం దాకా మన జిల్లాల్లో కేసులు వస్తాయి. పూర్తి చేతుల చొక్కా వేసి, ప్యాంటు అంచు సాక్సులోకి దోపండి. ఇంటికి రాగానే బట్టలు తడిపి, ఒళ్లు రుద్ది స్నానం చేయండి. మూడు వారాల లోపు జ్వరం వస్తే 'గడ్డిలో కూర్చున్నాను' అని డాక్టరుకు చెప్పండి. చంకల్లో, గజ్జల్లో, నడుం పట్టీ కింద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉందేమో చూపించండి. డాక్సీసైక్లిన్‌తో తగ్గే జబ్బే, ఆలస్యమైతేనే ముదురుతుంది.

ఇక పాములు. నీళ్లలో తల ఎత్తి ఈదుతూ కనపడేది ఎక్కువగా నీరుకట్టె. విషం లేదు, పట్టుకోబోతే మాత్రం గట్టిగా కరుస్తుంది. అలాగని ఈదేదల్లా నీరుకట్టే అనుకోవద్దు, అన్ని పాములూ ఈదగలవు. మనకు అసలు భయం రక్తపింజరతో. ఎండుటాకుల్లో చుట్ట చుట్టుకుంటే పక్కనే ఉన్నా తెలియదు. కుక్కరు ఆవిరి వదిలినట్టు బుస వినపడితే ఉన్నచోటే ఆగి, చప్పుడు ఎటు నుంచో చూసుకుని వెనక్కి అడుగేయండి. చీకట్లో వెళ్తారు కాబట్టి టార్చి వెలుగు మోకాలి ముందు పడాలి, దూరానికి కాదు. చెప్పులొద్దు, చీలమండ కప్పే బూటు కావాలి. సర్కారు తుమ్మ ముల్లు పలచటి అట్టలోంచి కూడా దిగుతుంది. స్టూలు వేసే ముందు చుట్టూ రెండు గజాలు కర్రతో నేల తట్టండి. రాళ్ల కుప్ప, ఎండ్రకాయ బొరియలు, కోసి వేసిన జమ్ము మోపుల పక్కన కూర్చోవద్దు. ఎప్పుడైనా కాటు పడితే తాడు బిగించడం, కోయడం, పసరు పోయడం ఏవీ వద్దు. కాలు కదలకుండా కర్ర ఆసరాగా కట్టి 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి. ఒంటరిగా వెళ్తే మీరు ఏ ఊరి గట్టున ఉన్నారో ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

నల్లరేగడి ఒడ్డు ఇంకో మోసం. పైన ఎండి పెచ్చు కట్టి ఉంటుంది, కింద గట్టి గంజిలా ఉంటుంది. కర్ర గుచ్చితే జానెడు దిగే చోట కాలు పెట్టకండి. సిమెంటు చేసిన కాలువ వాలు మీదకైతే దిగనే వద్దు. పాచి పట్టి జారుతుంది, పడ్డాక పట్టుకోవడానికి ఏదీ దొరకదు.

అల్పపీడనం ఉందని విన్న వారం వాగు జోలికి పోవద్దు. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన కొండల్లో పడ్డ వాన తర్వాత దిగుతుంది. బుడమేరు ఎలా పొంగుతుందో 2024 సెప్టెంబరులో బెజవాడ అంతా చూసింది. కూర్చుని ఉండగా నీటి రంగు టీ రంగుకు మారినా, నురగ, ఎండు పుల్లలు ఎక్కువగా కొట్టుకొస్తున్నా, గలగల పోయి గుంభనంగా హోరు వినపడినా సామాను సర్దకుండానే గట్టెక్కండి.

అద్దాలబండి

గట్టుమీదిగూడు గారితో ఒక్క దగ్గర ఒప్పుకోను. బైనాక్యులర్ ముందే కావాలి. పది మీటర్ల ఎడంలో కూర్చోమన్నారు, ఎదుటి ఒడ్డు ఇంకో ఇరవై మీటర్లు. ముప్పై మీటర్ల దూరాన ఉల్లంకి కాలి రంగు కళ్లకు తెలియదు.

తీసుకుంటే 8×42. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. రెండో దాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు కంత వెడల్పు వస్తుంది. 8×42లో అయిదుంపావు మిల్లీమీటర్లు. జేబులో పట్టే 10×25లో రెండున్నరే. మసక వెలుగులో మన కంటిపాప అంతకంటే బాగా విప్పుకుంటుంది కాబట్టి, 10×25తో ఆరింటికి ముందు చూస్తే అంతా బూడిదే. పైగా పది రెట్లలో చేతి వణుకూ పది రెట్లు. దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో '30×60', '50×50' అని అమ్మే చవక సరుకు మీద ఆ అంకెలే నమ్మదగినవి కావు. తూనీగలు కూడా చూస్తారు కాబట్టి రెండు మీటర్ల దగ్గర్లో ఫోకస్ అవుతుందో లేదో కొనేముందు మీ బూటు కొన వైపు గురిపెట్టి చూసుకోండి.

సరిచేసుకోవడం చాలామందికి తెలియదు. కుడి అద్దం చేత్తో మూసి, ఎడమ కంటితో దూరపు బోర్డు చూస్తూ నడిమి చక్రం తిప్పి స్పష్టం చేయండి. తర్వాత ఎడమది మూసి, నడిమి చక్రం ముట్టకుండా కుడి కంటి గొట్టం దగ్గరి రింగు తిప్పండి. ఆ రింగు ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోండి. ఇది చేయకపోతే గంటకల్లా తలనొప్పి వస్తుంది, తప్పు వస్తువు మీద వేస్తాం. కళ్లజోడు ఉంటే రబ్బరు కప్పులు లోపలికి తిప్పేయాలి.

ఏసీ గదిలోంచి నేరుగా తెస్తే మన తేమకు అద్దాల నిండా ఆవిరి పడుతుంది. గుడ్డతో తుడిచినా మళ్లీ పడుతుంది. రాత్రే సంచిలో పెట్టి వరండాలో ఉంచండి, అంతే. దోమల క్రీములో డీట్ ఉంటే అరచేతికి అంటకూడదు, ప్లాస్టిక్కునీ రబ్బరునీ తినేస్తుంది. మణికట్టు వెనక్కి పూసుకుని, దానితోనే మెడకూ చెవులకూ రుద్దుకోండి.

పిట్ట కనపడితే చూపు దాని మీదే ఉంచి, బైనాక్యులర్‌ను మెల్లగా కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. కిందికి చూసి, తీసి, పెట్టుకుని వెతికితే ఈలోగా అది ఉండదు.

మంగళగిరి_మబ్బు

చాలా ఉపయోగం అండీ. స్టూలు, బూట్లు ఖాయం. 8×42 ధర చూసి ఆలోచిస్తాను. ఇంకో సందేహం: పుస్తకాల్లో బొమ్మలకూ ఈ కాలంలో కనపడేవాటికీ పోలిక కుదరడం లేదు. గిజిగాడి గూళ్లు తాటిచెట్టు నిండా ఉన్నాయి, పసుపు తల పిట్ట ఒక్కటీ లేదు. పిచ్చుకల్లాంటివే ఉన్నాయి. అలాగే పాటలు కూడా పెద్దగా వినపడవు. ఇది చోటు తప్పా, వేళ తప్పా?

రెల్లుపూలు

ఏ తప్పూ కాదండీ, రుతువు అంతే. పుస్తకాల్లో బొమ్మలు ఎక్కువగా పెళ్లి బట్టల్లో వేస్తారు, మీరు చూస్తున్నది పెళ్లయ్యాక విప్పి మడతపెట్టిన రోజులు. మగ గిజిగాడి పసుపు వానాకాలపు గూళ్ల పని అయ్యాక పోతుంది. ఆ 'పిచ్చుకలు' చాలా వరకు గిజిగాళ్లే. ముక్కు లావుగా, కంటి పైన లేత గీత ఉందేమో చూడండి. గుడ్డి కొంగకు వీపు మీది మెరూన్ రంగు పోయి మెడ నిండా గోధుమ చారలు వస్తాయి, అందుకే బురదలో కలిసిపోయి, ఎగిరినప్పుడు మాత్రం తెల్లగా మెరుస్తుంది. మీరు మొదట రాసిన తెల్ల రెక్కలు నూటికి తొంభై పాళ్లు అదే. గొడ్ల వెంట తిరిగే తెల్ల కొంగ తల మీది నారింజ రంగూ పోతుంది, దానికి పసుపు ముక్కు మిగులుతుంది. ముక్కు నల్లగా, కాళ్లు నల్లగా, వేళ్లు మాత్రం పసుపుగా ఉంటే చిన్న తెల్ల కొంగ. అది నీళ్లలో ఒక కాలు ఆడించి చేపల్ని లేపుతుంది. బైనాక్యులర్ లేకున్నా ఆ నడకను బట్టే చెప్పొచ్చు.

లకుముకి పిట్టలు మూడు రకాలు దొరుకుతాయి. కరెంటు తీగ మీద ఎర్ర ముక్కుతో, తెల్ల రొమ్ముతో కూర్చునేది పెద్దది, దానికి నీళ్లే అక్కర్లేదు, మిడతల్నీ తొండల్నీ కూడా తింటుంది. పిచ్చుకంత ఉండి నారింజ పొట్టతో నీటికి జానెడెత్తున బాణంలా పోయేది చిన్నది. సన్నటి 'చీ' మనే కూత ముందు వినపడుతుంది, ఆ చప్పుడుకే తల తిప్పకుండా కళ్లు మాత్రం తిప్పండి. నలుపు తెలుపులది గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి నిలువునా పడుతుంది.

పాటలు వినపడకపోవడానికీ కారణం అదే. గూళ్ల కాలం దాటితే చాలా పిట్టలు పాడవు, పిలుపులే. ఫోనులో కూతను బట్టి పిట్ట పేరు చెప్పే మెర్లిన్ లాంటి యాప్ పెట్టి వింటే వినండి గానీ కూతలు బయటికి వినిపించకండి. తన జాగాలోకి ఇంకోటి వచ్చిందనుకుని మేత మానేసి వెతుకుతుంది.

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువుల దగ్గర గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు తప్పకుండా చూడండి, అదో జాతర. కానీ మీరు అడిగింది అది కాదు.

కార్తీక సోమవారాలు, పౌర్ణమి రోజు స్నానాల రేవులకు కనీసం కిలోమీటరు ఎడంగా ఉండండి. మైకులో సుప్రభాతం కొంగకు అలవాటే, మీ సంచి జిప్పు చప్పుడే దానికి కొత్త. అందుకే కావలసినవన్నీ కూర్చున్న వెంటనే తీసి ఒళ్లో పెట్టుకోండి.

సూదితూనీగ

అందరూ పిట్టల దగ్గరే ఆగిపోయారు. ఏడున్నర లోపు మీ కాళ్ల దగ్గర రెల్లు ఆకుల్ని చూడండి. మంచు పట్టిన తూనీగలు ఒళ్లు వేడెక్కక ఎగరలేవు, రెక్కలు వణికించి కాక పుట్టించుకుంటాయి. రెక్కలు రెండు పక్కలా చాచి కూర్చుంటే తూనీగ, వీపు మీదికి మడుచుకుంటే సూదితూనీగ, ఎక్కువగా ఇంతే. ఎనిమిది దాటాక పొలాల మీద గుంపులుగా తిరుగుతూ ఎక్కడా వాలని పసుపు నారింజ రంగు తూనీగలు దూరప్రయాణికులు. ఇవి ఈ నెలల్లో మాల్దీవుల మీదుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు పోతాయని, మాల్దీవుల్లో వాటిని గమనించిన చార్లెస్ ఆండర్సన్ 2009లో ప్రతిపాదించాడు.

సాలెగూళ్లకు మాత్రం పైన చెప్పిన దిక్కు తిరగెయ్యాలి. పిట్టలకు సూర్యుడు వీపున, గూటికి సూర్యుడు ఎదురుగా. అప్పుడే మంచు చుక్కలు మెరిసి దారాలు కనపడతాయి. అయిదు నిమిషాలు అటు తిరిగి కూర్చుంటే చాలు.

నీటి మీద పరుగెత్తే పొడుగు కాళ్ల పురుగులు ఉన్నాయా లేవా అన్నది గమనించండి. నీటి పై పొర బిగుతు మీద నిలబడతాయవి. సబ్బు కలిస్తే ఆ బిగుతు పోతుంది, అందుకే బట్టలుతికే రేవు దిగువన ఉండవు. బుడగలు ఒకేచోట నుంచి వస్తుంటే అడుగున ఆకులు కుళ్లిన గ్యాసు. బుడగల వరస ముందుకు కదిలితే కింద తాబేలో ఏదో పోతోంది. ఒక్కసారి గుటక వేసినట్టు 'గుళుక్' మని సుడి పడితే కొరమేను గాలి పీల్చుకుని దిగిందనుకోవచ్చు. పోలరాయిడ్ కళ్లద్దాలుంటే నీటి మెరుపు తగ్గి అడుగు కనపడుతుంది. ఏటవాలుగా చూడాలి, నిట్టనిలువుగా చూస్తే వాటి వల్ల లాభం లేదు.

మంగళగిరి_మబ్బు

ఇన్ని చూసి ఏం రాసుకోవాలి? పెన్ను తెస్తే సరిపోతుందా?

గట్టుమీదిగూడు

పెన్ను వద్దు, మంచుకు సిరా పాకుతుంది. పెన్సిలు, గట్టి అట్ట ఉన్న చిన్న పుస్తకం. పేజీ నెత్తిన తేదీ, చేరిన టైము, గాలి ఎటు నుంచి, మబ్బు ఎంత. తర్వాత పావుగంటకో గీత గీసి, ఆ పావుగంటలో ఏది వచ్చింది, ఏం చేసింది, ఎటు పోయింది అని రాయండి. పేరు తెలియకపోతే ముక్కు, కాళ్లు, తోక ఎలా ఉన్నాయో చిన్న బొమ్మ గీయండి. ఏమీ రాని పావుగంటకు సున్నా పెట్టండి. నాలుగు వారాల సున్నాలు పక్కపక్కన పెడితే ఏ వేళకు రావడం దండగో తెలుస్తుంది. చూసిన పిట్టల జాబితాలు అందరూ నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో పెట్టదలిస్తే 'ఒకేచోట ఉండి చూసింది' అన్న రకం ఎంచుకుని నిమిషాలు సరిగ్గా వేయండి.

నీటి మట్టానికి ఒక వెదురు కర్ర మీద అయిదేసి సెంటీమీటర్లకు బ్లేడుతో గాటు పెట్టి, అంచున మోకాలి లోతులో గుచ్చండి. వారం వారం ఎన్నో గాటు దాకా నీరుందో పుస్తకంలో వేయండి. మట్టం దిగిన వారం బయటపడ్డ ఒండ్రు మీద అడుగులు కూడా దొరుకుతాయి. గోళ్ల గుర్తు లేనిది పిల్లి జాతి, ఉన్నది కుక్క, నక్క, ముంగిస. కర్రను వలలవాళ్లు పాతుకున్న గుంజలకు మాత్రం దూరంగా గుచ్చండి, తమ గుంజే అనుకుని పీక్కుపోతారు.